మీ సెంటు మీ గురించి ఏం చెబుతోంది? కొనకముందే తెలుసుకోవడం ఎలా

పెర్ఫ్యూమ్ పెట్టె మీద "ధైర్యం, రహస్యం, స్వేచ్ఛ కలగలిసిన స్త్రీ కోసం" అని రాసి ఉంటుంది. మూత తీస్తే వెనిలా వాసన వస్తుంది. ఆ రాతకూ ఈ వాసనకూ సంబంధం ఏమిటో వెతుక్కునే పని కొనేవాళ్లకు మిగులుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. వాడే సెంటును బట్టి మనిషి స్వభావం చెప్పేయవచ్చంటే నేను నమ్మను. గులాబీ ఇష్టపడేవాళ్లంతా మెత్తనివాళ్లు కారు, తోలు వాసన ఇష్టపడేవాళ్లంతా మొండివాళ్లూ కారు. కానీ మీ సెంటు ముక్కుకు తగలగానే ఎదుటివాళ్లు మనసులో మీ గురించి ఒక బొమ్మ గీసుకుంటారు. అది మాత్రం నిజం. సెంట్లు తయారుచేసేవాళ్లు, ప్రకటనలు తీసేవాళ్లు, ఎవరి జ్ఞాపకాలు వాళ్లు, అందరూ తలో గీతా గీస్తే తయారైన బొమ్మ అది. ఆ గీతలు ఎక్కడివో తెలిస్తే, ఏ సీసా మీ తరఫున ఏం మాట్లాడుతుందో కొనకముందే పసిగట్టవచ్చు.

ముందు కాగితం, తర్వాతే కొట్టు

"నేను ఎలాంటిదాన్ని?" అని రాయడం మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఎవరూ నిజం రాయరు. నేనూ రాయలేదు. దానికి బదులు మూడు విషయాలు రాసుకోండి: ఈ సెంటు ఎక్కడికి వేసుకెళ్తారు, అక్కడ మనుషులు మీకు ఎంత దగ్గరగా ఉంటారు, మీరు లేచి వెళ్లిపోయాక వాళ్లకు మీ గురించి ఏం అనిపించాలి.

మూడోదానికి జవాబు మామూలు మాటల్లో ఉండాలి. "శుభ్రంగా, తొందర లేకుండా" అని రాస్తే పనికొస్తుంది. "కాస్త దూరంగా, కానీ నవ్వుమొహంతో" అన్నా సరే. "మిస్టీరియస్" అని రాశారంటే మాత్రం కొట్టేయండి. అది మీ మాట కాదు, పెట్టె మీది మాట.

అదే కాగితం వెనక మీకు అస్సలు పడని వాసనలు, అవి ఎవరిని, దేన్ని గుర్తుచేస్తాయో రాయండి. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలకు, ఉద్వేగాలకు సంబంధించిన భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతుంది. చూపు, వినికిడి థాలమస్ అనే మజిలీలో ఆగి వెళ్తే, వాసనకు ఆ మజిలీ లేని దారి ఉంది. అందుకే చిన్నప్పుడు మిమ్మల్ని ఏడిపించిన టీచరు వాడిన సెంటును లోకమంతా మెచ్చుకున్నా మీకు కడుపులో తిప్పుతుంది. అలాంటి సెంటును తర్కంతో ఒప్పించుకుని కొనకండి. సీసా అలాగే మిగిలిపోతుంది.

వాసనల కుటుంబాలు, వాటికి అంటుకున్న పేర్లు

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వ్యక్తిత్వం అనే మాట పుట్టేది ఇక్కడే.

తెల్లపూలతో మొదలుపెడదాం. మల్లె, జాజి, నేల సంపెంగ ఈ కుటుంబంలోవి. జాజిమల్లెల వాసనలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. దాన్ని విడిగా, చిక్కగా వాసన చూస్తే కలరా ఉండలు గుర్తొస్తాయి, ఇంకా చిక్కగా ఉంటే అంతకంటే అసహ్యమైనవే గుర్తొస్తాయి. కానీ చిటికెడంత ఉంటేనే పువ్వుకు ప్రాణం వస్తుంది, ఒంటి వెచ్చదనం లాంటిదేదో చేరుతుంది. అందుకే తెల్లపూల సెంటు గదిలోకి రాగానే తెలిసిపోతుంది. వేసుకున్నామె చాటుగా ఉండే మనిషి కాదనిపిస్తుంది. 1948లో జెర్మేన్ సెలియే అనే ఆవిడ రోబేర్ పిగే సంస్థ కోసం చేసిన 'ఫ్రాకా' ఈ బాటలో పెద్ద పేరు. నేల సంపెంగను అంత గట్టిగా మాట్లాడించినవి తక్కువ. నలుగురిలో కలిసిపోవాలనుకునే రోజు దాని జోలికి వెళ్లకూడదు.

గులాబీది వేరే కథ. అది ఎవరి పక్కన నిలబడితే వాళ్లలా మాట్లాడుతుంది. పుల్లటి పళ్ల వాసనలతో కలిస్తే కాలేజీ అమ్మాయి, పచౌలీ ఆకుతో, అగరుతో కలిస్తే ఎదురు చెప్పడానికి జంకే పెద్దమనిషి. "గులాబీ నాకు పడదు" అనేవాళ్లలో చాలామందికి పడనిది గులాబీ కాదు, దాని పక్కనున్నది.

ఇక ఆల్డిహైడ్లు, సెంట్లలో కలిపే ఒక రకం రసాయనాలు. పేరు కెమిస్ట్రీ క్లాసులోదిలా ఉన్నా వాసన మీకు తెలిసినదే. మంచి సబ్బు, ఇస్త్రీ చేసిన తెల్లబట్ట, ఆర్పేసిన కొవ్వొత్తి. 1921లో ఎర్నెస్ట్ బో చేసిన 'షానెల్ నంబర్ 5' వీటిని దండిగా వాడి ప్రపంచానికి పరిచయం చేసింది. జాజి, గులాబీ అందులో ఉన్నాయి, కానీ ఇదీ అని ఏ ఒక్క పువ్వునూ వేలెత్తి చూపించలేం. తర్వాత సబ్బుల తయారీదారులు అదే ధోరణి అందుకున్నారు. అందుకని ఇవాళ ఆ వాసన చాలామందికి శుభ్రతనూ క్రమశిక్షణనూ గుర్తుచేస్తుంది, కొందరికి వయసును కూడా. పాతికేళ్ల అమ్మాయి వేసుకుంటే రెండు రకాలుగా పనిచేస్తుంది. "ఎంత నిబ్బరంగా ఉందో" అనిపించవచ్చు, "వాళ్లమ్మ సీసా తీసుకుందేమో" అనీ అనిపించవచ్చు. నాకైతే ఆ తికమకే దాని అందం.

షీప్ర్ అనే కుటుంబం పేరు ఫ్రాన్స్వా కోటీ 1917లో చేసిన సెంటు నుంచి వచ్చింది. పైన బెర్గమోట్ నిమ్మ చురుకు, అడుగున ఓక్ చెట్ల మీద పెరిగే నాచు వగరు. ఈ రెండింటి మధ్య లాగులాటే దాని స్వభావం. రెండేళ్లకు గెర్లాన్ అనే ఫ్రెంచి సంస్థ వాళ్ల 'మిత్సుకో' వచ్చి ఆ వగరుకు పీచ్ పండు మెత్తదనం జోడించింది. ఈ రకం సెంటు వేసుకున్నవాళ్లు అందరినీ మెప్పించాలని చూడటం లేదనిపిస్తుంది. వాదనలో గెలిచేలా కనిపిస్తారు. ఓక్ నాచు కొందరి చర్మానికి పడక అలర్జీ తెస్తుంది కాబట్టి దాని వాడకం మీద గట్టి పరిమితులు వచ్చాయి. పాత పేరుతో ఇప్పుడు అమ్ముతున్న సీసాలో పాత సెంటే అచ్చంగా ఉంటుందని అనుకోకండి.

వెచ్చగా, తియ్యగా, సాంబ్రాణి పొగ చుట్టుకున్నట్టు ఉండేవాటిని ఆంబర్ అంటారు. ఒకప్పుడు ఓరియంటల్ అనేవారు. గెర్లాన్ వాళ్లే 1925లో తెచ్చిన 'షాలిమార్' వీటికి పెద్దక్క లాంటిది. ఇవి సాయంత్రం మాటలు, దగ్గర కూర్చుని వినాల్సినవి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఇదే వెచ్చదనం ఉక్కపోతగా మారిపోతుంది.

మిఠాయి వాసనల కుటుంబం వీటికంటే వయసులో చిన్నది. 1992లో తియెరీ మ్యూగ్లర్ పేరుతో వచ్చిన 'ఏంజెల్'లో పీచుమిఠాయిని గుర్తుచేసే ఇథైల్ మాల్టాల్ ఉంది, దాని కింద బరువైన పచౌలీ ఉంది. ఆ పచౌలీని మర్చిపోయి తీపిని మాత్రమే కాపీ కొట్టినవి తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి. ఉత్త తీపి అల్లరినీ చిన్నతనాన్నీ చెబుతుంది. అడుగున చేదో మట్టివాసనో ఉంటే, నవ్వుతూనే పట్టు వదలని మనిషి అనిపిస్తుంది. తీపి సెంటు కొనాలనుకుంటే అడుగున ఏముందో తప్పక చూడండి.

నీళ్లు, గాలి, పచ్చికాయల చలవను గుర్తుచేసేవి 1990లలో ఊపందుకున్నాయి. 'లో డిస్సే' 1992లో, ఆడా మగా ఇద్దరి కోసమంటూ 'సీకే వన్' 1994లో వచ్చాయి. ఇవి ఎవరికీ అడ్డురావు, ఎవరి మీదా పడిపోవు. ఆఫీసుకు ఇంతకంటే భద్రమైనవి లేవు. గుర్తుండిపోయేవి కూడా వీటిలో తక్కువే.

కస్తూరి, అంటే మస్క్ పేరుతో ఇప్పుడు అమ్మేదంతా దాదాపు ల్యాబులో తయారైనదే, జింకతో పనిలేదు. బట్టల సబ్బుల్లోనూ ఇవే వాడతారు కాబట్టి తెల్ల మస్క్ అనగానే ఉతికి ఆరేసిన దుప్పటి గుర్తొస్తుంది. మస్క్‌లతో ఒక చిక్కుంది. కొన్ని రకాల మస్క్ వాసన కొందరికి అస్సలు తెలియదు. మీకు ఏమీ రావడం లేదని నాలుగుసార్లు కొట్టుకుంటారు, పక్కవాళ్లు కిటికీ తెరుస్తారు.

గంధం, వట్టివేరు, దేవదారు వంటి చెక్కల, వేళ్ల వాసనలను చాలాకాలం మగవాళ్ల అరలో పెట్టారు. ఆ అరలను పట్టించుకోకండి. 1889 నాటి 'జికీ' అనే సెంటును ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ వాడుతూ వచ్చారు. ఆడవాళ్ల సెంటు, మగవాళ్ల సెంటు అనే గీత వాసనలో కంటే పెట్టె రంగులో ఎక్కువ ఉంటుంది. వట్టివేరు వేసుకున్న ఆడమనిషి గురించి జనం చెప్పే మాట నేను చాలాసార్లు విన్నాను: "తన పని తాను చూసుకునే మనిషిలా ఉంది."

పెట్టె మీది కథను పక్కన పెట్టండి

ఒకే రకం వాసనకు కాలాన్ని బట్టి వేరే కథ చెబుతారు. 1953లో ఎస్టే లాడర్ 'యూత్ డ్యూ'ని స్నానపు నూనెగా అమ్మింది. సెంటంటే ఎవరైనా బహుమతిగా ఇవ్వాలని ఆడవాళ్లు ఎదురుచూసే రోజుల్లో, స్నానపు నూనె అయితే తమకు తామే కొనుక్కోవచ్చు. సీసాలో ఉన్నది మాత్రం ఘాటైన సెంటే. 1973లో రెవ్లాన్ 'చార్లీ' ప్రకటనల్లో ప్యాంటు వేసుకుని పెద్ద పెద్ద అంగలేసే అమ్మాయి కనిపించింది, ఉద్యోగం చేసి సొంత డబ్బుతో కొనుక్కునే అమ్మాయి. ఆ స్వేచ్ఛ ద్రవంలో లేదు, బొమ్మలో ఉంది. కాబట్టి ప్రకటన చూసిన తర్వాత కాదు, చూడకముందే వాసన చూడండి.

పెట్టె మీద చదవాల్సినది ఒక్కటుంది, గాఢత. ఓ డి టాయిలెట్ అంటే సుమారు 5 నుంచి 15 శాతం పరిమళ ద్రవ్యం, ఓ డి పర్ఫమ్ అంటే సుమారు 15 నుంచి 20, పర్ఫమ్ అనో ఎక్స్‌ట్రే అనో ఉంటే అంతకంటే ఎక్కువ. ఇవి వాడుకలో ఉన్న లెక్కలే, చట్టం కాదు. ఒకే పేరుతో ఉన్న రెండు గాఢతల వాసన కూడా చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఒకటి నచ్చిందని రెండోది చూడకుండా కొనకండి.

కాగితం ముక్క మీద, ఆ తర్వాత ఒంటి మీద

కొట్లో ఒక విడతకు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే ముక్కు మొద్దుబారుతుంది, అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కాఫీ గింజలు వాసన చూడమని గిన్నె ముందుకు జరుపుతారు. దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. బయటికి వెళ్లి పది నిమిషాలు గాలి పీల్చుకుని రండి, లేదా సెంటు తగలని మీ మోచేతి మడతను వాసన చూసుకోండి.

కాగితం ముక్క మీద కొట్టి, తడి ఆరేదాకా ఆగి, ముక్కుకు తాకించకుండా చూడండి. దాని మీద పేరు రాయకండి, నంబరు వేయండి. ఎందుకో తర్వాత చెబుతాను. నచ్చిన ఒక్కదాన్ని మాత్రమే మణికట్టు మీద వేసుకుని ఇంటికొచ్చేయండి. మణికట్లు రెండూ కలిపి రుద్దితే అణువులు విరిగిపోతాయనేది వట్టి మాట. అయితే రాపిడి వేడికి పైవాసన, అంటే మొదట ముక్కుకు తగిలేది, తొందరగా ఎగిరిపోతుంది, మీరు చూడాల్సిన దాంట్లో కొంత పోతుంది. కాబట్టి రుద్దకపోవడమే మేలు.

ఇప్పుడు గడియారం పెట్టుకోండి. పావుగంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, ఆరు గంటలకు ఒకసారి వాసన చూసి, ప్రతిసారీ ఒక్క మాట రాయండి. తేలిక అణువులు ముందు ఎగిరిపోతాయి. నిమ్మ, నారింజ తొక్కల చురుకు అలాంటిది. ఆ తర్వాత పూలు, మసాలాలు. చెక్కలు, జిగుర్లు, మస్క్, వెనిలా చివరిదాకా అంటిపెట్టుకుంటాయి. కొట్లో మిమ్మల్ని మురిపించేది మొదటి పావుగంట. జనం రోజంతా కలిసేది మాత్రం ఆ తర్వాత మిగిలినదాన్ని.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నారింజ తొక్క గిల్లినట్టున్న ఒక సెంటును పది నిమిషాల్లో ప్రేమించి, పెద్ద సీసానే కొనేశాను. మర్నాడు వేసుకుని ఆఫీసుకెళ్లాను. మధ్యాహ్నం పక్క సీట్లో అమ్మాయి అటూఇటూ చూసి, "ఎవరైనా పెద్దావిడ వచ్చి వెళ్లారా అక్కా?" అని అడిగింది. ఎవరూ రాలేదు. ఆ పెద్దావిడ నా మణికట్టు మీద ఉంది. నారింజ ఎప్పుడో పోయింది, కింద దాక్కున్న పౌడరు వాసన తీరిగ్గా బయటికొచ్చి కూర్చుంది. సెంటు చెడ్డది కాదు. నేను కలిసింది ఒకరిని, ఇంటికి తెచ్చుకున్నది ఇంకొకరిని.

చర్మం విషయం కూడా చూసుకోండి. పొడిచర్మం మీద వాసన తొందరగా పోతుంది, ముందు వాసన లేని లోషన్ రాసుకుంటే ఇంకాసేపు నిలుస్తుంది. దురద, ఎర్రదనం వస్తాయేమో ఒకటి రెండు రోజులు గమనించండి. వస్తే ఆ సెంటు సంగతి అక్కడితో వదిలేయండి.

నలుగురి చేత బొమ్మ గీయించండి

నంబర్లు వేసిన కాగితం ముక్కలు ఇప్పుడు పనికొస్తాయి. గంటా రెండు గంటలు ఆరనిచ్చి, మీ మాటకు తలూపని నలుగురైదుగురికి ఒక్కొక్కటిగా ఇవ్వండి. సెంటు పేరు చెప్పొద్దు, అది మీరు కొనబోతున్నదనీ చెప్పొద్దు. "బాగుందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు వచ్చేది మర్యాదే తప్ప సమాచారం కాదు. ఇలా అడగండి: ఇది వేసుకున్నామె వయసెంత ఉంటుంది? ఏం పని చేస్తుంది? ఆలస్యంగా వస్తుందా, ముందే వస్తుందా? ఆమెతో గొడవ పెట్టుకోగలరా?

చివరి ప్రశ్నకు అందరూ నవ్వుతారు, కానీ జవాబులన్నిటిలోకీ పనికొచ్చేది అదే. నేను ప్రశాంతంగా ఉందనుకున్న ఒక వట్టివేరు సెంటును ఐదుగురికి ఇస్తే, ముగ్గురు "ఆమెతో గొడవా? నా వల్ల కాదు" అన్నారు. ప్రశాంతత నా వైపు నుంచి కనిపించింది, అవతలి వైపు నుంచి అదే గోడలా ఉంది. నాకు అప్పట్లో కావలసింది గోడే కాబట్టి కొనేశాను.

జవాబులు మొదటి కాగితం పక్కన పెట్టి చూడండి. ఇద్దరు ముగ్గురి నోట వచ్చిన మాటలను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. ఒక్కరే అన్నది వాళ్ల సొంత జ్ఞాపకం కావచ్చు. అన్నీ మీరు రాసుకున్నట్టే రావాలని లేదు. మీకు లేని ఒక గుణాన్ని సెంటు మీకు అరువిస్తే ఇబ్బంది లేదు, ఎదురు గుణాన్ని అంటగడితేనే అవస్థ. మొహమాటం ఉన్న మనిషికి కాస్త నిబ్బరం తెచ్చే సెంటు మేలు చేస్తుంది. అదే మనిషి గదంతా గుప్పుమనే తెల్లపూలు వేసుకుంటే అందరూ తనవైపు తిరుగుతారు, ఆమెకు రోజంతా టెన్షనే.

కాగితం మీద నెగ్గినదాన్ని ఒంటి మీద కూడా అడిగి చూడాలి. ఒంటి వాసన కలిశాక ఒక్కో సెంటు ఒక్కో మనిషి మీద వేరుగా పండుతుంది. 2012లో చెక్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎవరికి వాళ్లు ఎంచుకున్న సెంటు వాళ్ల ఒంటి వాసనతో కలిసినప్పుడు, వేరేవాళ్లు ఇచ్చిన సెంటు కలిసినప్పటికంటే వాసన చూసినవాళ్లకు ఎక్కువ నచ్చింది. అంటే ఎంచుకునేటప్పుడు మనకు తెలియకుండానే మన ముక్కు ఏదో సరిచూసుకుంటోంది. చివరి ఓటు మీ ముక్కుకే వేయండి.

ఎంత వేసుకుంటే ఎవరవుతారు

ఒకే సెంటు ఒక చుక్కలో ఒక మనిషి, ఆరు చుక్కల్లో ఇంకో మనిషి. చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవాళ్లకు లీలగా తెలిస్తే చాలు. ఓ డి పర్ఫమ్ అయితే రెండు స్ప్రేలు, తేలిక వాసనలు అయితే మూడు నాలుగు. తెల్లపూలు, ఆంబర్, పచౌలీ ఉన్నవి ఒకటితో మొదలుపెట్టండి. అరగంట తర్వాత మీకు వాసన తెలియకపోతే అది పోయిందని కాదు, మీ ముక్కు దానికి అలవాటు పడిందని. మళ్లీ కొట్టుకునేముందు ఎవరినైనా అడగండి. ఆసుపత్రికి, విమానంలోకి, ఉబ్బసం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మానేయడమే మంచిది.

కొనేటప్పుడు చిన్న సీసా లేదా శాంపిల్ తీసుకుని ఒక వారం వాడండి. చిరాగ్గా ఉన్న రోజు, పని ఎక్కువున్న రోజు, వానపడ్డ రోజు ఎలా ఉందో చూడండి. మంచి మూడ్‌లో ఏ సెంటైనా బాగానే ఉంటుంది.

వేరొకరికి బహుమతిగా ఇవ్వాలంటే, ఆమె ఎలా ఉండాలని మీరు కోరుకుంటున్నారో దాన్ని కొనే ప్రమాదం ఉంది. ఆమె ప్రస్తుతం వాడుతున్న సీసా అడుగంటితే అదే మళ్లీ కొనివ్వండి. లేదంటే మూడు నాలుగు శాంపిళ్లు ఇచ్చి, పెద్ద సీసా ఆమె చెప్పాక కొనండి.

ఇంటికి తెచ్చాక సీసాను బాత్రూంలోనూ కిటికీ గట్టు మీదా పెట్టకండి. వేడి, వెలుతురు, గాలి మూడూ సెంటును పాడుచేస్తాయి, ముందు దెబ్బతినేది నిమ్మజాతి పైవాసనే. పెట్టెలోనే ఉంచి బీరువాలో పెట్టండి, అడుగున తెరిచిన తేదీ రాయండి. ఎప్పుడైనా మొదటి స్ప్రేలోనే పులిసిన వాసనో వార్నిష్ వాసనో వస్తే, కాసేపు ఆగి చూడండి. గొట్టంలో నిలవున్న చుక్క మాత్రమే చెడి ఉండవచ్చు. రెండో స్ప్రే కూడా అలాగే ఉంటే పారేయండి.